కొండ ఆటలకు పది నిమిషాలు చాలవు

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో క్రీడలను, గిరిజన సంక్షేమాన్ని, ఆశ్రమ పాఠశాలలను చూస్తున్న అధికారులకూ, ఈ జిల్లాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువారికీ బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారాలు.

నేను పర్లాకిమిడి వాణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండమీద వచ్చీరాని సవర మాట్లాడుతూ గజపతి జిల్లాలో ముప్పై ఏళ్ళకు పైగా డ్రిల్లు మాష్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. హాకీకి ఒడిశా ఇచ్చినంత అండ దేశంలో మరే రాష్ట్రమూ ఇవ్వలేదనీ, 2018లోనూ 2023లోనూ ప్రపంచకప్పు ఇక్కడ జరగడం, రూర్కెలా మైదానానికి బిర్సా ముండా పేరు పెట్టడం మాకందరికీ గర్వకారణమనీ ముందుగానే మనస్ఫూర్తిగా చెబుతున్నాను. నా ఫిర్యాదు హాకీ మీద కాదు. ఆదివాసీ పిల్లలతో ఆడించే ఆటల గురించి ఇంత శ్రద్ధ చూపే చోట, ఆదివాసీల సొంత ఆటల గురించి ఆరేళ్ళలో నేను పెట్టుకున్న మూడు అర్జీలకు సరైన జవాబు రాలేదు. మొదటిదానికి రసీదు ముద్ర పడింది, రెండోది 'సంబంధిత శాఖకు పంపుకోగలరు' అన్న ఒక్క వాక్యంతో తిరిగివచ్చింది, మూడోది ఏ బుట్టలో ఉందో ఆ కార్యాలయానికే తెలియాలి. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అసలు సంగతి ఒక ఉత్సవంలో మొదలైంది. ఏ ఉత్సవమో, ఎవరు జరిపారో చెప్పి ఎవరినీ నొప్పించదలచుకోలేదు. కార్యక్రమ పత్రంలో 'సంప్రదాయ విలువిద్య ప్రదర్శన, 10 నిమిషాలు' అని అచ్చువేశారు కనుక పదహారు మంది సవర పిల్లలను తీసుకుని దిగాను. ముందురోజు సాయంత్రం బాణాలకు ములుకులు తీసేయమన్నారు, అతిథుల భద్రత కోసం అన్నారు, తీసేశాం. తెల్లవారాక అసలు బాణాలే వద్దు, విల్లులు పట్టుకుని వేదిక పక్కన వరుసగా నిలబడితే ఫోటోకు బాగుంటుందన్నారు. గురి చూసి తీర్పు చెప్పడానికి రెండు కొండల అవతలనుంచి ఒక తాత వచ్చాడు. కొత్తగా నరికిన అరటిబోదెను గురికోసం భుజాన మోసుకుని చీకటితో బయలుదేరి, పదిగంటలకల్లా పందిట్లోకి చేరాడు. ఆయనకు కుర్చీ లేదు, మైకు లేదు, మాట్లాడే అవసరం అసలే లేకపోయింది. డప్పుల నృత్యానికీ ప్రసంగానికీ నడుమ మా పది నిమిషాలు నాలుగయ్యాయి. పిల్లలు నిలబడ్డారు, దిగిపోయారు. వేదిక వెనక పడేసిన ఆ అరటిబోదెను సాయంత్రానికి ఊరి ఆవులు తినేశాయి. వేదిక వెనక గుడ్డమీద మాత్రం విల్లెక్కుపెట్టిన మనిషి ఉన్న సవర బొమ్మ ఎంతో అందంగా ముద్రించి ఉంది.

ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మూలవాసుల హక్కుల ప్రకటన 31వ అధికరణంలో, భాష, కళలు, విజ్ఞానంతోపాటు క్రీడలనూ సంప్రదాయ ఆటలనూ కాపాడుకుని పెంపొందించుకునే హక్కు మూలవాసులదని విడిగా పేర్కొన్నారు. భారతదేశం ఆ ప్రకటనకు అనుకూలంగా ఓటు వేసింది. అంటే అర్జీలో నేను అడిగింది దయాధర్మం కాదు.

ఇతర చోట్ల ఏం జరిగిందో కొంచెం చెప్పాలి. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో 1961 నుంచి అక్కడి మూలవాసులు తమ ఆటల పోటీలు తామే జరుపుకుంటున్నారు. చెవులకు దారం తగిలించుకుని ఇద్దరు ఎదురెదురుగా లాగే పోటీ చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది, కానీ మంచు కొరికే నొప్పిని ఓర్చుకోవడానికి అది అభ్యాసం. తోలు దుప్పటిని చుట్టూ పట్టుకుని మనిషిని ఆకాశానికి ఎగరేసే ఆట, దూరాన ఉన్న జంతువును కనిపెట్టడానికి వేటగాణ్ణి పైకి లేపే పద్ధతినుంచి వచ్చింది. బతుకు మారినా ఆట నిలిచింది, ఆటతో పాటు ఆ బతుకును గురించిన మాటలూ నిలిచాయి.

కెనడా సంగతి మనకు ఇంకా దగ్గర. అక్కడ మూలవాసుల పిల్లలను ఇళ్ళనుంచి తీసుకుపోయి వసతి బడుల్లో పెట్టి, వాళ్ళ భాష వాళ్ళ నోట రాకుండా చేశారు. మన ఆశ్రమ పాఠశాలలు అటువంటివని నేను అనడం లేదు. వాటిలో పనిచేసి అన్నం తిన్నవాణ్ణి, ఆ బడులు లేకపోతే నా విద్యార్థుల్లో సగం మందికి అక్షరం అందేది కాదు. కానీ ఆ గాయాన్ని విచారించిన కమిషన్ 2015లో చేసిన 94 సిఫార్సుల్లో కొన్ని ప్రత్యేకంగా క్రీడల గురించే ఉన్నాయన్నది గమనించాలి. ఎడ్మంటన్‌లో 1990లో మొదలైన ఉత్తర అమెరికా మూలవాసుల క్రీడలకు నిధులివ్వాలనీ, జట్ల తయారీకీ ప్రయాణాలకూ కూడా ఇవ్వాలనీ 88వ సిఫార్సు ప్రభుత్వాలను కోరింది. 2023 జులైలో హాలిఫాక్స్‌లో జరిగిన ఆ క్రీడలకు 750కి పైగా మూలవాసీ జాతులనుంచి 5,000 మందికి పైగా వచ్చారు. పోగొట్టుకున్న భాషను తిరిగి పిల్లల దగ్గరికి చేర్చే పనిలో ఆటకు అంత చోటు ఇచ్చారు. మనం పది నిమిషాలు ఇచ్చి, నాలుగు వాడుకోనిచ్చాం.

ఇక ఈ నిర్లక్ష్యం వల్ల కొండమీది మామూలు కుటుంబాలకు ఏం జరుగుతోందో నేను చూసినంతవరకు చెబుతాను.

1. అన్నిటికంటే ముందు లెక్క పోతోంది. సవర భాషలో అంకెలు మన పదుల పద్ధతిలో నడవవు. పన్నెండు దాకా దేని పేరు దానికుంటుంది. ఆ తర్వాత పదమూడును 'పన్నెండు ఒకటి' అని, పద్ధెనిమిదిని 'పన్నెండు ఆరు' అని అంటారు. ఇరవై దగ్గర మరో మెట్టు. ముప్పై మూడు అనాలంటే 'ఇరవై పన్నెండు ఒకటి'. ఇటువంటి లెక్క ప్రపంచ భాషల్లోనే అరుదు. ఈ లెక్క పుస్తకంలో బతకలేదు, సంతలోనూ ఆటలోనూ బతికింది. సంతలో రూపాయల బేరం ఎప్పుడో ఒడియాలోకీ తెలుగులోకీ మారిపోయింది. మిగిలింది ఆట. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కర్రాబిళ్ళ ఆడుతూ పిల్లలు పన్నెండు దాటాక మళ్ళీ ఒకటినుంచి ఎత్తుకుంటే, లెక్క తప్పారనుకుని కోప్పడ్డాను. ఒక పదేళ్ళ పిల్లవాడు నన్ను ఆపి, నేలమీద పన్నెండు గింజలు పెట్టి, పక్కన ఒకటి పెట్టి, 'మాస్టారూ, ఇది వేరే ఒకటి' అని చూపించాడు. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో అదే మైదానంలో 'వన్, టూ, త్రీ' తప్ప మరేమీ వినిపించలేదు.

2. విల్లు పట్టడానికి కారణం లేకుండా పోయింది. చైత్రమాసపు పండుగల్లో ఊరి మగవాళ్ళంతా వేటకు వెళ్ళే ఆచారం కోరాపుట్టులోనూ, ఇటు మన్యంలోనూ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ వేట నేరం. చట్టంతో నాకు పేచీ లేదు, అడవిలో జంతువు మిగలాలి. కానీ వేటను ఆపిన ప్రభుత్వం, వేటలో పిల్లలు నేర్చుకునే గురి, గాలివాటు, అడుగు చప్పుడు కాకుండా నడవడం వంటివాటికి వేరే చోటేదీ చూపలేదు. కెనడాలో దీనికి సమాధానం దొరికింది. జంతువు ఆకారంలో చేసిన దిమ్మెలను చెట్ల నడుమ వేర్వేరు దూరాల్లో నిలిపి, వాటిమీద బాణం వేయించే పోటీ అక్కడి మూలవాసుల క్రీడల్లో ఉంది. దానికి కావలసింది అడవి అంచున కొంత నేల, నాలుగు గడ్డి బొమ్మలు, చెప్పగల ఒక తాత. ఈ మూడూ మన జిల్లాల్లో ఏ ఊళ్ళోనైనా ఉన్నాయి.

3. ధ్రువపత్రం లేదు. పదో తరగతి తప్పగానే కేరళకో, చెన్నైకో కూలికి బయలుదేరే కుర్రాళ్ళను నేను ప్రతి ఏడాదీ బస్టాండులో చూస్తున్నాను. వాళ్ళలో వందడుగుల దూరంలో అరటిబోదెను గుడ్డిగా కొట్టగలిగినవాళ్ళు ఉన్నారు. క్రీడల కోటాలో చూపడానికి వాళ్ళ చేతిలో ఒక కాగితం ముక్క లేదు. భారత క్రీడా ప్రాధికార సంస్థ ప్రత్యేక ప్రాంతాల క్రీడల పథకం కింద కొండల్లో పుట్టు విలుకాళ్ళను వెతికిన మాట నిజం. రాజస్థాన్ భిల్లుల బిడ్డ లింబారాం అలాగే వెలుగులోకి వచ్చి 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో ఆడాడు. ఆ పథకాన్ని నేను తక్కువ చేయను. కానీ అది ఎంచుకున్నది పిల్లవాడిని మాత్రమే. వాడి ఆటను, వాడికి ఆ గురి నేర్పిన ఊరిని కొండమీదే వదిలేసింది. పదివేల మందిలో ఒక లింబారాం బయటపడితే, మిగతా వాళ్ళకు ఏమిటన్న ప్రశ్నకు జవాబు లేదు.

4. ఆడపిల్లలు ఇంకా వెనకబడ్డారు. గొంతుకూర్చుని ఎగురుతూ ఆడే పుచి, గుంటల్లో గింజలు పంచే ఆట, తాడు ఆటలు ఇవన్నీ సాయంత్రం వేళ ఇంటి ముంగిట ఆడేవి. వసతిగృహంలో ఆరుగంటలకు గేటు పడుతుంది.

5. సరిహద్దు గీత ఆటకూ అడ్డొచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక ఒకే సవర కుటుంబంలో అన్న పిల్లలు ఒడియాలో, తమ్ముడి పిల్లలు శ్రీకాకుళం వైపు తెలుగులో చదువుకుంటున్నారు. పెళ్ళిలో కలుసుకున్నప్పుడు ఈ పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు చదవలేరు. కర్రాబిళ్ళ మాత్రం ఏ దుబాసీ లేకుండా ఆడతారు, నేను చూశాను. కానీ మన బడుల పోటీలు రాష్ట్రం దాటవు కనుక, అటువైపు మేనబావతో పోటీ పడే అవకాశం వీళ్ళకు లేదు.

పొరుగు రాష్ట్రం కొంత ప్రయత్నించింది. ఛత్తీస్‌గఢ్‌లో 2022 అక్టోబరు 6న మొదలైన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో గేడీ, ఫుగడీ, గిల్లీదండా, బొంగరం వంటి 14 ఆటలను ఊరి స్థాయినుంచి రాష్ట్ర స్థాయి దాకా ఆరు అంచెల్లో ఆడించారు. గేడీ అంటే వెదురు గడల మీద నిలబడి నడిచే మన మరకాళ్ళే. ముసలమ్మలు చీర కుచ్చెళ్ళు ఎగదోపి, గొంతుకూర్చుని ఆడే ఫుగడీ ఆడారు. తర్వాత 2024లో బస్తర్ ఒలింపిక్స్ పేరిట లక్షన్నరకు పైగా జనంతో పెద్ద ఎత్తున పోటీలు జరిగాయి. అందులో విలువిద్య, తాడులాగుడు ఉన్నా ఎక్కువభాగం ఫుట్‌బాల్, వాలీబాల్, బ్యాడ్మింటన్ వంటివే. హింసతో అలసిపోయిన నేలమీద పిల్లలు ఏ ఆట ఆడినా సంతోషమే. కానీ ఆదివాసీల పేరున్న పోటీకీ, ఆదివాసీల ఆటలున్న పోటీకీ మధ్య తేడా చెరిగిపోకూడదని మాత్రం మనవి చేస్తున్నాను.

మరో హెచ్చరిక కూడా ఉంది, దాన్ని దాచను. బ్రెజిల్‌లో 1996లో దేశీయ మూలవాసుల క్రీడలు మొదలయ్యాయి. వంద కిలోల దాకా తూగే తాటిజాతి దుంగను భుజం మార్చుకుంటూ పరుగెత్తే పందెం వాటిలో పేరుమోసింది. అదే దేశంలోని పల్మాస్‌లో 2015లో మొదటి ప్రపంచ మూలవాసుల క్రీడలు అట్టహాసంగా జరిగినప్పుడు, ఆ దుంగ పరుగును తరతరాలుగా ఆడుతున్న క్రాహో, అపినజే జాతులవాళ్ళు రామన్నారు. మా భూముల హద్దులు తేల్చకుండా మమ్మల్ని పండుగకు పిలవడమేమిటని వాళ్ళ ప్రశ్న. భూమి పట్టాల అర్జీలు ఒక బల్లమీద, ఉత్సవ ఆహ్వానాలు ఇంకో బల్లమీద ఉన్న మన దగ్గర కూడా ఈ ప్రశ్న రేపు రావచ్చు. వస్తే అది న్యాయమైన ప్రశ్నే.

అయినా ఈ ఆటలకు వ్యవస్థ ఉండాలనే నేను అడుగుతున్నాను. ఏ రకం వ్యవస్థ అన్నది చెప్పడానికి మన చెడుగుడే ఉదాహరణ. అది కబడ్డీగా 1990లో ఆసియా క్రీడల్లోకి వెళ్ళింది, పతకాలు తెచ్చింది, పల్లెటూరి పిల్లలకు ఉద్యోగాలు తెచ్చింది. అదే దారిలో ఖోఖో 2025 జనవరిలో ఢిల్లీలో ప్రపంచకప్పు దాకా చేరింది. కానీ కబడ్డీలో ముప్పై సెకన్ల గడియారం వచ్చాక కూత పనిలేనిదైంది. మా చిన్నప్పుడు ఊరూరికీ ఒక కూత ఉండేది, కొందరు దాన్ని పాటగా సాగదీసి అవతలి జట్టును వెక్కిరించేవారు. ఇప్పటి పిల్లలు చెడుగుడులో పాట ఉండేదంటే నమ్మరు. నియమాలు ఒకటి చేస్తే పతకం వస్తుంది, కొంత పోతుంది కూడా. అందుకని కొండ ఆటల విషయంలో నియమాలు రాయండి, కానీ ఊరికో తీరుంటే ఊరికో తీరుగానే రాయండి.

ఇక నా కోరికలు. వీటికి రెండు నెలల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని ప్రార్థిస్తున్నాను.

1. గజపతి, రాయగడ, కోరాపుట్టు, మల్కన్‌గిరి జిల్లాలకు కలిపి ఏటా ఒక ఆదివాసీ క్రీడోత్సవం జరగాలి. దాని తొలి అంచె ఊళ్ళో జరగాలి, చివరి అంచె కొండ కింద పట్టణంలో జరగాలి. ప్రదర్శన అన్న మాట కార్యక్రమ పత్రంలో ఉండకూడదు. గెలుపోటములున్న పోటీ కావాలి, ములుకులున్న బాణాలు కావాలి. భద్రతకు తాడు కట్టండి, అతిథుల కుర్చీలు వెనక్కి జరపండి.

2. ఏ ఆటలు పెట్టాలో, ఎలా ఆడాలో, ఎప్పుడు ఆడాలో తేల్చేది ఆ ఊరి పెద్దలూ ఆడవాళ్ళూ కావాలి. తీర్పు చెప్పే తాతలకు మిగతా క్రీడల అంపైర్లకు ఇచ్చినంత భత్యం, దారిఖర్చు ఇవ్వాలి. మైదానంలో లెక్క వాళ్ళ భాషలోనే పలకాలి.

3. ఆటల నియమాలను ఆయా భాషల్లో అచ్చువేయాలి. సవరకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉంది. దాంతోపాటు ఒడియా, తెలుగు లిపుల్లోనూ వేస్తే సరిహద్దుకు రెండువైపులా పనికొస్తుంది. అటువైపు జిల్లాల జట్లను అతిథులుగా కాక పోటీదారులుగా పిలవాలి.

4. ఆశ్రమ పాఠశాలల్లో వారానికి రెండు గంటలు ఈ ఆటలకు కేటాయించాలి, ఆడపిల్లల వసతిగృహాల్లో సాయంత్రపు వేళ పెంచాలి.

5. ఈ పోటీల ధ్రువపత్రానికి చదువులోనూ ఉద్యోగంలోనూ మిగతా జిల్లాస్థాయి క్రీడాపత్రాలతో సమానమైన విలువ ఉందని ఉత్తర్వు ఇవ్వాలి. అన్నిటిలో ఇదే కష్టమని నాకు తెలుసు, అందుకే మిగతా నాలుగూ ఇచ్చి దీన్ని వదిలేయవద్దని కోరుతున్నాను.

చివరగా నా తోటి తెలుగువారితో ఒక మాట. ప్రతి ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తిగారి పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన సవర నేర్చుకున్నది ఈ పర్లాకిమిడిలోనే. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని ఆయన సొంత డబ్బు ఖర్చుపెట్టాడు, ఏళ్ళ తరబడి కష్టపడి 1931లో సవర వ్యాకరణం వెలువరించాడు. ఆయన పేరు చెప్పుకునే మనలో ఎంతమందికి సవరలో పన్నెండు దాకా లెక్క వచ్చు? అదే ఆగస్టు 29 ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కూడా, దేశమంతటికీ జాతీయ క్రీడా దినోత్సవం. ఆ రోజు సభల్లో సగం సమయం ఆటకు ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ నెలలో కొండదారుల్లో మోకాలిలోతు బురద ఉంటుంది, మరకాళ్ళ కాలం అది. లేత వెదురు పనికిరాదు, పగులుతుంది. ముదురు గడలు రెండు తీసుకుని, కణుపుకు ఆనించి అడుగుపెట్టే చెక్కను నారతాడుతో బిగించాలి. ఈ ఆగస్టు 29న మహేంద్రతనయ ఒడ్డున మేం కొందరం మరకాళ్ళ పందెం, విలువిద్య పోటీ పెట్టుకుంటున్నాం. అరటిబోదె తెచ్చిన తాత ఇప్పుడు లేడు. ఆయన మనవడు బోదె నరికి తెస్తానన్నాడు, అతనికి సవరలో లెక్క తొమ్మిది దాటితే తడబాటు కనుక, పలకడానికి వాళ్ళ నాయనమ్మ వస్తోంది. అధికారులు దయచేస్తే కుర్చీలు వేస్తాం. వేదిక కట్టడం లేదు, బాణాలకు ములుకులు ఉంటాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా